పిన్నిని కొండ మీదికి తీసుకెళ్లిన శుక్రవారం

మా చిన్నప్పుడు ఐసు అంటే చేపల బండిలో వచ్చేదే. ఒమన్‌లో మేముండే ఊరు నిజ్వాకి సముద్రం వైపు నుంచి చేపలు తెచ్చే పికప్ వెనకాల, తడి గోనెపట్టాల కింద ఐసు ముక్కలు ఉండేవి. డ్రైవర్ నవ్వుతూ తలా ఒక ముక్క చేతిలో పెట్టేవాడు. నీచు వాసన వేసేది. అయినా తమ్ముడూ నేనూ చప్పరించేవాళ్లం. అందుకే, జెబెల్ అఖ్దర్ కొండ మీద చలికాలంలో తెల్లారేసరికి తొట్లలో నీళ్లు వాటంతటవే గడ్డకట్టేస్తాయని నాన్న చెబితే మాకు నమ్మబుద్ధి కాలేదు.

ఆ కొండ మీదికి వెళదామన్నది మాత్రం అమ్మ. అమ్మ తనంతట తాను ఎక్కడికైనా వెళదామనడం అదే మొదటిసారి.

డెబ్బైల మధ్యలో సంగతి ఇది. అమ్మ తెనాలి వైపు నుంచి వచ్చిన నర్సు. కొత్తగా కట్టిన ఆసుపత్రిలో ఆమెకి ఉద్యోగం వచ్చాక, ఆమె వెనకాల నాన్న వచ్చి ఒక రోడ్ల కంపెనీలో స్టోర్‌కీపర్‌గా చేరాడు. ఆ తర్వాత మేం వచ్చాం. అమ్మకి రాత్రి డ్యూటీలు, నాన్న పొద్దున్నే సైట్‌కి పోయేవాడు. నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి నాలుగు దాటి అయిదు. మమ్మల్ని చూసే మనిషి లేక అమ్మ తన చెల్లెల్ని రప్పించింది.

పిన్నికి అప్పుడు ఇరవై ఆరో, ఏడో. పసితనంలో పోలియో వచ్చి ఎడమ కాలు మోకాలి కింద నుంచి నా చెయ్యంత సన్నంగా ఉండేది. ఆ కాలు పొట్టిది కూడా అయిపోయింది. గుంటూరులో ఒకాయన ఆమెకి చెప్పులు చేసిచ్చాడు. ఎడమ చెప్పు అడుగున నాలుగు వేళ్ల మందాన అట్టలు పెట్టి కుట్టాడు. అవి వేసుకుంటే కొంచెం పక్కకి ఒరిగినట్టు నడిచేది, అంతే. అవి లేకపోతే చెయ్యి మోకాలికి ఆనించి, ఒక్కో అడుగుకీ ఒళ్లంతా విసిరినట్టు నడవాల్సి వచ్చేది. ఇంట్లో ఎప్పుడూ ఆ చెప్పులతోనే తిరిగేది. మాకు స్నానాలు, అన్నాలు, అక్షరాలు, బైబిలు కథలు అన్నీ ఆమే. తమ్ముణ్ణి చంకనేసుకునే వంట చేసేది. ఖాళీ దొరికితే కిటికీ పక్కన కింద చాప మీద కూర్చుని చేతి మిషన్ తిప్పుతూ చుట్టుపక్కల అరబ్బు ఆడవాళ్ల బట్టలు కుట్టేది.

శుక్రవారం సెలవు. ఆ రోజు మా ఇంటికి నాన్న కంపెనీలోని డ్రైవర్ ఒకతను వచ్చేవాడు. కరీంనగర్ వైపు మనిషి. ముప్పై దాటలేదు. పొడుగ్గా, నిదానంగా ఉండేవాడు. రూమ్‌లో పదిమందితో ఉండి ఉండి విసుగెత్తి, ఇల్లూ పిల్లలూ ఉన్న చోట కాసేపు కూర్చుంటానని మొదట వచ్చాడు. తర్వాత ప్రతి శుక్రవారం వచ్చాడు. నాన్నని అన్నా అనేవాడు. అమ్మని వదినా అనేవాడు. వదినా అంటే వదిన చెల్లెలితో వరస దానంతటదే కుదిరినట్టు. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు గానీ, అతను వదినా అన్నప్పుడల్లా మిషన్ చక్రం తిప్పుతున్న పిన్ని చెయ్యి ఒక్క క్షణం ఆగేది.

"గీ చొక్కా జేబు ఊడింది. కుట్టిస్తరా?" అని ఒకసారి అడిగాడు.

"అక్కడ పెట్టండి," అంది పిన్ని తల ఎత్తకుండా.

మళ్లీ వారం ఆ జేబు మీద చిన్న నీలం పువ్వు కుట్టి ఉంది. అతను ఆ చొక్కానే వేసుకొచ్చేవాడు.

ఒక్క విషయం ఇంట్లో అందరికీ తెలుసు. అతని బండి చప్పుడు వినపడగానే పిన్ని వెళ్లి చాప మీద కూర్చునేది. చీర కుచ్చెళ్లు పాదాల మీదికి పరుచుకునేది. అతను వెళ్లేదాకా లేచేది కాదు. టీ కప్పులు నేను అందించేదాన్ని. ఏదన్నా కావాలంటే నన్నే పంపేది. అతను ఆరేడు నెలలు వచ్చినా ఆమె నిలబడగా చూడలేదు.

ఒకరోజు బియ్యం కడుగుతూ అమ్మ అంది, "లేవకుండా ఎన్నాళ్లు కూర్చుంటావే?"

అమ్మ మళ్లీ అడగలేదు. మతం వేరని ఒక మాట, దాని ఆరోగ్యం సంగతేంటని ఒక మాట నాన్నతో అంటుంటే విన్నాను. అసలు మాట ఒకటే అని నాకప్పటికే తెలుసు. పిన్ని వెళ్లిపోతే ఇల్లు నడవదు.

తర్వాత వారమే అమ్మ కొండ ప్రయాణం మాటెత్తింది. కొండ మీదికి అప్పట్లో అందరినీ పోనిచ్చేవాళ్లు కాదు. కింద మిలిటరీ గేటు ఉండేది. నాన్న కంపెనీకి పైన పని ఉంది కాబట్టి మాకు అనుమతి దొరికింది. లాండ్‌రోవర్ తోలేది అతనే. క్రిస్మస్ అయిన తర్వాతి శుక్రవారం అనుకున్నారు. పిన్ని గురువారం సాయంత్రమంతా పాడుకుంటూ చపాతీలు చేసింది, గుడ్లు ఉడికించింది, క్రిస్మస్‌కి చేసిన గులాబీ పువ్వులు డబ్బాలో సర్దింది. బండిలో కూర్చునే వెళ్లడం, కూర్చునే రావడం అనుకుని ఉంటుంది.

చీకటుండగానే లేచాం. గుమ్మం దగ్గర పిన్ని తన చెప్పుల కోసం వెతుకుతుంటే అమ్మ వచ్చి కాన్వాస్ బూట్లు ఆమె ముందు పెట్టింది. ఆసుపత్రిలో తను వేసుకునేవి.

"ఆ చెప్పులు లోపల పెట్టేశాను. కొండ మీద రాళ్లకి జారతాయి. ఇవి వేసుకో," అంది.

"ఇవి రెండూ ఒకే ఎత్తక్కా."

"దిగేదెక్కడ నువ్వు? చలికి పాదాలు కొంకర్లు పోతాయి. వేసుకో. నేను నర్సునా, నువ్వా?"

బూట్లు పెద్దవి. అమ్మ వంగి, ఎడమ బూటు ముందు భాగంలో ఆసుపత్రి దూది కుక్కి, తనే లేసులు కట్టింది. తన నీలం స్వెటర్ తీసి పిన్నికి తొడిగి, బొత్తాలు కూడా పెట్టింది. అంత శ్రద్ధగా చెల్లెల్ని ముస్తాబు చేయడం నేనెప్పుడూ చూడలేదు. బండి వచ్చాక, అతను ముందు బానెట్ ఎత్తి నీళ్లు పోస్తుండగానే నాన్న పిన్నికి చెయ్యిచ్చి వెనక సీట్లోకి ఎక్కించాడు.

కొండ కింద బిర్కత్ అల్ మౌజ్ ఊరి దగ్గర గేటు దాటాక దారి నిట్టనిలువుగా లేచింది. తారు లేదు, కంకర. మలుపు తిరిగితే పక్కన ఏమీ కనపడదు, గాలి తప్ప. నాన్న ముందు సీట్లో కడ్డీ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"భయపడకున్రి. ఇరవైసార్లు ఎక్కిన," అన్నాడు అతను. అద్దం కొంచెం తిప్పి వెనక్కి చూశాడు. "సలి పెడుతున్నదా?"

ఎవరిని అడిగాడో అందరికీ తెలుసు. "లేదు," అంది పిన్ని, నవ్వుతూ. ఒళ్లో తమ్ముణ్ణి స్వెటర్ లోపలికి లాక్కుని, అద్దంలోకి చూస్తూనే అంది. దారి పొడుగునా ఆ ఇద్దరూ అలాగే మాట్లాడుకున్నారు. వాళ్ల ఊళ్లో చలికాలం నెగళ్లు వేస్తారని అతను, మా ఊళ్లో పొగమంచులో తాటికల్లు కుండలు కనపడవని ఆమె. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

పైకి చేరేసరికి ఎండ వచ్చింది గానీ వేడి లేదు. కంపెనీ క్యాంపులో సగానికి కోసిన డ్రమ్ములో మంట వేసి ఉంది. అవతల లోయ అంచున రాతి ఇళ్లు, వాటి కింద మెట్లు మెట్లుగా పొలాలు. దానిమ్మ చెట్లు ఆకంతా రాల్చి ముళ్లకంపల్లా నిలబడ్డాయి. మేం దిగి మంట దగ్గరికి పరిగెత్తాం. అతను గ్లాసుల్లో టీ పోసుకొచ్చాడు. పిన్ని బండిలోనే ఉండిపోయింది.

"దిగవే," అని పిలిచింది అమ్మ.

"చలిగా ఉందక్కా. ఇక్కడే బాగుంది."

కాసేపటికి తమ్ముడు కింద ఒక తొట్టి చూశాడు. క్యాంపు నుంచి కాలిబాట దిగితే, మూడు నాలుగు మెట్ల పొలాల కింద, నీడలో రాతి తొట్టి. అందులో నీళ్లు తెల్లగా, కదలకుండా ఉన్నాయి. "ఐసు," అని వాడు గెంతడం మొదలుపెట్టాడు.

"నేను తెస్త," అని అతను గ్లాసు కింద పెట్టబోయాడు.

"నువ్వుండు తమ్ముడూ. పొద్దున్నుంచీ బండి తోలావు," అంది అమ్మ అతనితో. బండి దగ్గరికి వెళ్లి తలుపు బార్లా తీసింది. "వీడు వాళ్ల పిన్ని ఇస్తేనే తింటాడు. వెళ్లవే, తెచ్చిపెట్టు."

పిన్ని కదల్లేదు.

"వెళ్లు. అందరం ఇక్కడే ఉన్నాంగా, చూస్తూ ఉంటాం."

పిన్ని అమ్మ మొహంలోకి చూసింది. ఆ చూపు ఎంతసేపు ఉందో చెప్పలేను. తర్వాత కాళ్ల మీది బూట్ల వైపు చూసుకుంది. అప్పుడే ఆమెకి అర్థమైంది అనుకుంటాను, చెప్పులు ఎందుకు లోపల పెట్టారో. తలుపు పట్టుకుని దిగింది.

బూట్లు రెండూ ఒకే ఎత్తు కావడంతో ఎడమ పక్కన మనిషి సగం కూలిపోయినట్టు ఒరిగింది. మోకాలి మీద చెయ్యి వేసింది. ఒంటిని ముందుకి విసిరి, ఆగి, మళ్లీ విసిరి, ఆ బాట దిగింది. క్యాంపులో పనివాళ్లు కొందరు పని ఆపి చూశారు. అతను టీ గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తాగనూ లేదు, కింద పెట్టనూ లేదు. అమ్మ పిన్నిని చూడలేదు. అతన్నే చూస్తోంది.

పిన్ని తొట్టి దగ్గర వంగి, రాయితో కొట్టి, పళ్లెమంత పలక తీసింది. స్వెటర్ ఎత్తి అందులో పెట్టుకుంది. పైకి వచ్చేటప్పుడు మోకాలికి ఆనించడానికి చెయ్యి ఖాళీ లేదు. బాట మీద మంచు పేరుకున్న చోట ఎడమ కాలు జారి, బోర్లా పడింది.

అతను రెండడుగులు వేశాడు.

"లేస్తుందిలే తమ్ముడూ," అంది అమ్మ. "దానికి అలవాటే."

అతను ఆగాడు. అమ్మ అడ్డం నిలబడలేదు, చెయ్యి పట్టుకోలేదు. ఆ ఒక్క మాటకే ఆగిపోయాడు. నాన్న మంటలోకి పుల్లలు ఎగదోస్తున్నాడు.

పక్క పొలంలోంచి ఒక ముసలమ్మ, గొర్రె ఉన్ని దుప్పటి కప్పుకున్న ఆవిడ, "బిస్మిల్లా, బిస్మిల్లా" అంటూ గబగబా వచ్చి పిన్నిని చంకల కింద పట్టి లేపింది. మోచెయ్యి నెత్తురు తన దుప్పటి అంచుతోనే తుడిచింది. మా వైపు చూసి అరబీలో ఏదో గట్టిగా అంది. ఆ కొండ యాస మాకెవరికీ అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే నయం అనిపించింది నాకు.

ఐసు పలక ముక్కలైపోయింది. పిన్ని అందులోంచి ఒక ముక్క ఏరుకొచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. వాడు నాకి, "చేపల వాసన లేదు," అన్నాడు.

భోజనాల ముందు అమ్మ ప్రార్థన చేసింది. ఎప్పుడూ రెండు మాటల్లో ముగించేది, ఆ రోజు చాలాసేపు చేసింది. "కుంటివారిని నడిపించిన ప్రభువా, మా చెల్లెలికి ఈ కొండ మీద నడిచే బలమిచ్చినందుకు నీకు స్తోత్రం," అంది. అతను హిందువైనా మర్యాదకి తల వంచుకుని ఉన్నాడు. పిన్ని ఆమెన్ అంది. గట్టిగానే అంది.

దిగేటప్పుడు అతను నాన్నతో టైర్ల గురించి మాట్లాడాడు. బ్రేకుల గురించి మాట్లాడాడు. అద్దం వంక చూడలేదు. ఇంటి ముందు బండి ఆపి, సామాను దించి, అమ్మతో, "వస్త అక్కా," అన్నాడు.

వదినా అనలేదు. అక్కా అన్నాడు. అమ్మ అక్కయితే పిన్ని కూడా అక్కో చెల్లో. అప్పటికి పిన్ని గుమ్మం దాకా నడిచింది. ఆ మాట విని, గుమ్మానికి చెయ్యి ఆనించి ఒక్క క్షణం నిలబడి, లోపలికి వెళ్లిపోయింది.

మళ్లీ అతను రాలేదు. స్టోర్ దగ్గర నాన్నతో అన్నాడట, "ముందుగాల్నే ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదా అన్నా. ఊరికి పోయేటోనితోని మా అమ్మకు పెండ్లి కబురు గూడ పంపిన." నాన్న ఆ మాట ఇంటికొచ్చి అన్నం తింటూ, పిన్ని వడ్డిస్తుండగానే చెప్పాడు. చెప్పాల్సిన అవసరం ఏముందో నాకిప్పటికీ తెలీదు. కొన్నాళ్లకి అతను దూరంగా సూర్ వైపు సైట్‌కి మార్పించుకుని వెళ్లాడు.

పిన్ని ఏడవగా నేను చూడలేదు. చెప్పులు వేసుకోవడం మానేసింది. అమ్మ వాటిని తీసి గుమ్మం దగ్గర పెట్టినా ముట్టుకోలేదు. మా ఇంట్లో వారానికోసారి ప్రార్థన కూటం జరిగేది. ఆసుపత్రి నర్సులు, ఒకరిద్దరు డాక్టర్లు వచ్చేవాళ్లు. అదివరకు టీలు ట్రేలో పెట్టి నాకిచ్చేది. ఇప్పుడు నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు. ఒక్కో కప్పు విడిగా పట్టుకుని, వట్టి కాళ్లతో, ఒళ్లు విసురుకుంటూ, వంటింట్లోంచి ముందు గదిలోకి వచ్చేది. కప్పు ఇచ్చి వెనక్కి వెళ్లేది. మళ్లీ ఇంకో కప్పు. పాట మధ్యలో, బైబిలు వాక్యం మధ్యలో, అలా తిరుగుతూనే ఉండేది. టీ సగం సాసర్లోకి ఒలికేది.

కేరళ నర్సు ఒకావిడ ఉండబట్టలేక, "కూర్చోమ్మా, మేం తెచ్చుకుంటాం," అంది.

"ఫర్వాలేదండి," అంది పిన్ని. "నేను నడిస్తే మా అక్కకి ఇష్టం. కొండ మీదికి తీసుకెళ్లి మరీ నడిపించింది."

అమ్మ పాటల పుస్తకంలోకి తల దించుకుంది. రెండు మూడు వారాలు అలా జరిగాక కూటం వేరే వాళ్లింటికి మారింది. ఇక మా ఇంటికి ఎవర్నీ పిలవలేదు. అమ్మతో పిన్ని నేరుగా మాట్లాడ్డం మానేసింది. అమ్మ ఎదురుగానే ఉన్నా, "ఉప్పు అయిపోయిందని మీ అమ్మకి చెప్పు," అనేది నాతో.

వీటన్నిటికన్నా తమ్ముడి సంగతి నాకు కష్టమనిపించేది. వాణ్ణి ఎత్తుకోవడం మానేసింది. వాడు అలవాటుగా చేతులు చాపి చీర పట్టుకుంటే, వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, "నీ కాళ్లు బాగానే ఉన్నాయిగా. నడువు," అనేది. వాడు గుక్కపట్టి ఏడ్చేవాడు. అమ్మ పక్క గదిలో, రాత్రి డ్యూటీ చేసొచ్చి, కళ్లు తెరుచుకునే పడుకుని ఉండేది. లేచి వచ్చేది కాదు.

చాలా ఏళ్ల తర్వాత, అమ్మ రిటైరై గుంటూరులో ఉన్నప్పుడు, ఎందుకలా చేశావని అడిగాను. ఇబ్బంది పడుతుందేమో అనుకున్నాను. పడలేదు. ఆకుకూర గిల్లుతూ చెప్పింది.

"నోటితో చెబితే నేను చెడ్డదాన్నయ్యేదాన్ని. అతనే చూసుకున్నాడు, అతనే పోయాడు. మంచివాడైతే ఉండేవాడుగా?"

"చెప్పులు కూడా తీసేశావుగా."

"చెప్పులతో చూసి చేసుకుని, తర్వాత చెప్పులు విప్పినప్పుడు చూస్తే? అప్పుడేం చేసేది అది?" అని, కాసేపాగి, "మీరిద్దరూ ఉన్నారు. నేను డ్యూటీకి ఎలా వెళ్లేదాన్ని?" అంది. ఆ రెండు మాటల్లో ఏది ముందు పుట్టిందో ఆమెకీ తెలియదనుకుంటాను.

పిన్ని అవసరం మా ఇంటికి ఆ తర్వాత ఎంతోకాలం ఉండలేదు. నిజ్వాలో మాకు పనికొచ్చే బడి లేదు. కొండ ప్రయాణం అయిన మరుసటి వేసవికల్లా మమ్మల్ని గుంటూరు హాస్టల్లో వేయాలని అమ్మా నాన్నా అనుకున్నారు. పిల్లలు లేకపోతే పిల్లల్ని చూసే మనిషి ఎందుకు? మాతోపాటే పిన్నికి కూడా బొంబాయికి టికెట్ తీశారు. ఆ సంగతి అమ్మ అన్నం దగ్గర చెప్పింది. పిన్ని చాలా నెలల తర్వాత మొదటిసారి అమ్మ వైపు తిరిగి నేరుగా మాట్లాడింది.

"ఇంతేనా అక్కా?" అంది.

అమ్మ కంచం తీసుకుని లేచింది.

బొంబాయి నుంచి రైల్లో పిన్ని మమ్మల్ని గుంటూరు చేర్చింది. హాస్టల్ గేటు దగ్గర మా పెట్టెలు దించి, వార్డెన్‌కి అప్పజెప్పి, రిక్షా ఎక్కి వెళ్లిపోయింది. ఆ ఊళ్లోనే బజారులో మెట్ల కింద ఒక గదిలో కుట్టు దుకాణం పెట్టుకుంది. హాస్టల్ నుంచి నడిస్తే దగ్గరే. ఆదివారాలు అందరి బంధువులూ వచ్చేవాళ్లు. ఆమె ఒక్కసారి కూడా రాలేదు.

యూనిఫాం పొట్టిదైపోయిందని ఒకసారి వార్డెన్ నన్ను బజారుకి పంపింది. తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని పిన్ని దుకాణానికే వెళ్లాను. ఆమె మిషన్ ముందు కూర్చుని ఉంది. పక్కన ఒకావిడ జాకెట్టు గుడ్డ పట్టుకుని నిలబడింది. తమ్ముడు గడప దాటి పరిగెత్తి వెళ్లి ఆమె మెడ చుట్టూ చేతులు వేశాడు. పిన్ని చేతులు విడిపించలేదు, అలాగని దగ్గరికీ తీసుకోలేదు. నా నడుము కొలిచింది. లంగా అంచు విప్పి చూసింది.

"గురువారం రా," అంది.

జాకెట్టు గుడ్డ ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, "మీ పిల్లలా?" అని అడిగింది.

"కాదు," అంది పిన్ని. కత్తెర అందుకుంటూ, మామూలు గొంతుతోనే చెప్పింది. "ఒమన్లో వీళ్లింట్లో పని చేశాను."

తమ్ముడు ఆమె తమాషా చేస్తోందనుకుని నవ్వాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. హాస్టల్ దాకా వాడు, పిన్ని ఎందుకలా అంది, అని అడుగుతూనే వచ్చాడు.